ఒంట్లో బాగున్నప్పుడే రాసి పెట్టుకోవాల్సిన నెంబర్లు

ఒంట్లో బాగోకపోతే తప్ప డాక్టర్ మొహం చూడం కదా, నేనూ అంతే ఉండేవాడ్ని. కానీ బీపీ, షుగర్ చెప్పి రావు, చాలామందికి తలనొప్పి కూడా ఉండదు, బానే ఉన్నాం అనుకుంటూనే ఏళ్లు గడిచిపోతాయి. అందుకే బాగున్నప్పుడే మన నెంబర్లు మన దగ్గరుండాలి. ఒక నోట్‌బుక్ చాలు, ఫోన్‌లో రాసుకున్నా పర్లేదు.

ముందు బీపీ. మోచేతి పైన చుట్టే ఆటోమేటిక్ మెషీన్ తీస్కోండి, మణికట్టు మీద పెట్టేవి అంత నమ్మకంగా ఉండవు. ఒకసారి లేటయిందని గబగబా మెట్లెక్కి క్లినిక్‌కి వెళ్తే కూర్చోగానే చుట్టేసి చూశారు, 152/94 వచ్చింది, ఆ రాత్రంతా నిద్రలేదు నాకు, తీరా వారం రోజులు ఇంట్లో చూసుకుంటే పైది 126 దాటనే లేదు. కాబట్టి మెషీన్ కంటే చూసుకునే పద్ధతి ముఖ్యం.

అరగంట ముందు నుంచి కాఫీ, టీ, సిగరెట్, ఎక్సర్‌సైజ్ ఏవీ వద్దు. బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, వీపు కుర్చీకి ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా పాదాలు రెండూ నేల మీద పెట్టి 5 నిమిషాలు ఊరికే కూర్చోండి. మెషీన్ పట్టీని చొక్కా చేతి మీద చుట్టొద్దు, చెయ్యి టేబుల్ మీద గుండె ఎత్తులో ఉండాలి. మాట్లాడొద్దు, ఫోన్ చూడొద్దు (ఇదే కష్టం అనుకోండి). నిమిషం గ్యాప్‌తో రెండుసార్లు, పొద్దునా సాయంత్రం, అలా 7 రోజులు రాసి, మొదటి రోజువి కొట్టేసి మిగతావాటికి యావరేజ్ తీయండి. 135/85 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టర్‌కి చూపించాలి. 180/120 దాటి ఛాతీ నొప్పో, ఆయాసమో, మాట తడబడటమో, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పడమో ఉంటే మాత్రం మళ్లీ చూద్దాం అని ఆగొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లిపోవాలి.

షుగర్‌కి హెచ్‌బీఏ1సీ అనే రక్త పరీక్ష మంచిది, ఎందుకంటే ఎర్ర రక్తకణాలు దాదాపు 120 రోజులు బతుకుతాయి, వాటికి పట్టిన షుగర్‌ని కొలుస్తారు కాబట్టి రెండు మూడు నెలల లెక్క తెలుస్తుంది, ముందు రోజు తిండి తగ్గించి మేనేజ్ చేద్దామంటే కుదరదు. 5.7 లోపు నార్మల్, 6.5 నుంచి షుగర్ కింద లెక్క, మధ్యలో ఉంటే ఇంకా మన చేతుల్లోనే ఉందన్నమాట. రక్తం తక్కువున్నవాళ్లకి ఇది తేడా చూపిస్తుంది, ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పండి.

టేప్‌తో నడుము కూడా కొలవండి. పొట్ట లోపలికి లాగకుండా! మీ ఎత్తులో సగం కంటే తక్కువుంటే మంచిది, నాది ఇంకా 4 సెంటీమీటర్లు దిగాలి. దీనికి వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవమంటారు, పాట పాడలేం కానీ మాట్లాడగలం అన్నంత స్పీడ్ చాలు.

ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి అడగాల్సింది ఒకటుంది, ఎవరికి ఏ జబ్బు, ఏ వయసులో వచ్చిందని. నాన్నకో అన్నదమ్ములకో 55 లోపు, అమ్మకో అక్కచెల్లెళ్లకో 65 లోపు గుండె జబ్బు వచ్చుంటే మీరు కొలెస్ట్రాల్ టెస్ట్ వాయిదా వేయొద్దు. టీకాలు పిల్లలకే అనుకోకండి, టెటనస్ బూస్టర్ పదేళ్లకోసారి ఉంటుంది, చివరిసారి ఎప్పుడో అదీ రాసుకోండి.

ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీలంటే నాకంత ఇష్టం లేదు. టెస్టులకి నార్మల్ రేంజ్ మామూలుగా ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో 95 శాతం మంది అందులో పడేలా పెడతారు, అంటే ఒకేసారి 20 టెస్టులు చేయిస్తే ఏ జబ్బూ లేకపోయినా ఒకటైనా బయటికి వచ్చే ఛాన్సే ఎక్కువ, ఇక దాని వెనకాల ఇంకో నాలుగు టెస్టులు. మీ వయసుకి, మీ ఇంటి హిస్టరీకి ఏవి కావాలో డాక్టర్‌నే అడిగి అవే చేయించుకోండి.

వెళ్లేటప్పుడు నోట్‌బుక్‌తో పాటు మెషీన్ కూడా పట్టుకెళ్లండి, ఒకసారి వాళ్లదాంతో పోల్చి చూడొచ్చు. పట్టీ మీ చేతికి సరిపోయే సైజేనా అన్నది కూడా అక్కడే తేలిపోతుంది, లావు చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది.