కుక్కజాతి పేరు ఎక్కడ పుట్టిందో వెతికే విధానం

ఒక కుక్కజాతి పేరు ఏ భాషలో, ఏ అర్థంతో పుట్టిందో తెలుసుకోవాలంటే ముందుగా మనం దాన్ని పలికే తీరును పక్కన పెట్టి, ఆ పేరు పుట్టిన దేశంలో ఎలా రాస్తారో చూడాలి. అనంతపురంలోనూ కర్నూలులోనూ పొట్టి కాళ్లు, పొడవాటి ఒళ్లు గల కుక్కను చాలామంది ‘డాష్ హౌండ్’ అంటారు. ఈ ఉచ్చారణను నమ్ముకొని వెతికితే ఇంగ్లీషులో వేగంగా దూసుకుపోవడమనే అర్థం దొరుకుతుంది, ఆ అర్థం ఈ నిదానపు జంతువుకు ఏమాత్రం పొసగదు. జర్మన్ స్పెల్లింగు చూసినప్పుడు మాత్రం పదం ఎక్కడ విరుగుతుందో తెలుస్తుంది: ‘డాక్స్’ ఒక ముక్క, ‘హుంట్’ రెండో ముక్క. డాక్స్ అంటే ఇంగ్లీషువారు బ్యాడ్జర్ అనే జంతువు, హుంట్ అంటే కుక్క. యూరప్‌లోని ఆ బ్యాడ్జర్ మన వైపు ఉండదు కనుక దానికి ఏదో ఒక తెలుగు మాట అతికించకుండా, బొరియ తవ్వుకొని బతికే జంతువు అని వివరించడమే మేలు. ఆ బొరియలోకి దూరి వేటాడడానికే ఈ కుక్కకు ఇంత పొట్టి కాళ్లు వచ్చేలా తరతరాలుగా పెంచారు.

తరువాత అదే కుక్కకు ఇతర భాషల్లో ఉన్న పేర్లను సేకరించాలి. ఇందుకు రెండు సులభమైన దారులున్నాయి. వికీపీడియాలో ఆ జాతి వ్యాసాన్ని తెరిచి, భాషల జాబితాలో ఒక్కొక్క భాషకు వెళ్లి శీర్షికను రాసుకోవచ్చు. రెండో దారి చూస్తే, 1911లో ఏర్పడిన అంతర్జాతీయ కుక్కల సమాఖ్య, అంటే ఎఫ్‌సీఐ, ప్రతి జాతికీ ఒక సంఖ్యను, పుట్టిన దేశాన్ని, అధికారిక నామాన్ని నమోదు చేస్తుంది. డాక్స్‌హుంట్ సంఖ్య 148. పేర్లు చేతికి వచ్చాక ఒక్కొక్కదాని పక్కన అది అర్థాన్ని తెచ్చుకున్నదా, ధ్వనిని తెచ్చుకున్నదా, కుక్కను చూసి కొత్తగా పెట్టినదా అన్నది రాసుకోవాలి. మొత్తం పనిలో అసలు రసం ఇక్కడే ఉంది. ఫిన్నిష్‌వారి ‘మాయ్‌రాకోయిరా’ జర్మన్ మాటకు యథాతథమైన అనువాదం. రష్యన్ ‘తాక్సా’, స్వీడిష్ ‘తాక్స్’ జర్మన్ ధ్వనిని మాత్రమే పట్టుకున్నాయి. పోలిష్‌లో ‘యామ్నిక్’ అన్నవారు బ్యాడ్జర్‌ను వదిలేసి అది ఉండే బొరియను పేరులో పెట్టారు. ఇటాలియన్ ‘బస్సొట్టో’ కుక్క ఎత్తు తక్కువని మాత్రమే చెబుతుంది, ఇంగ్లీషువారి వాడుకలోని ‘సాసేజ్ డాగ్’ (సాసేజ్ అంటే మాంసం కూరిన పొడవాటి గొట్టంలాంటి తిండి) దాని ఆకారాన్ని చూసి నవ్వుతుంది. ఇక జర్మన్లు ఇంట్లో ఆ పొడవు పేరును వాడనే వాడరు, ‘డాకెల్’ అంటారు.

ఇలా ఒకే జంతువులో ఒక్కొక్కరు ఒక్కొక్క లక్షణాన్ని చూసి పేరు పెట్టడం మనకు కొత్త కాదు. అమరకోశంలో కుక్కకు చెప్పిన పేర్లను చూస్తే భషకం మొరిగేది, మృగదంశకం వేటజంతువును కరిచేది, సారమేయం సరమ అనే దేవలోకపు ఆడకుక్క సంతానం. ఆ వరుసలోనే శునకం కూడా ఉంది, తరువాతి మెట్టుకు అది అవసరమవుతుంది.

ఆ మెట్టు చుట్టరికాన్ని పరీక్షించడం. రెండు మాటలు ఒకేలా వినిపిస్తే చుట్టాలని, వేరుగా వినిపిస్తే పరాయివని అనుకోవడం ఈ పనిలో పెద్ద ప్రమాదం. హుంట్, ఇంగ్లీషు హౌండ్ ఒకే మూలం నుంచి వచ్చినవే అయినా జర్మన్‌లో హుంట్ అంటే ఏ కుక్కయినా కావచ్చు. ఇంగ్లీషులో మాత్రం ‘డాగ్’ అనే మాట ఆ సాధారణ అర్థాన్ని ఆక్రమించుకోగా హౌండ్ వేటకుక్కకు పరిమితమైంది. మన శునకానికి మూలమైన సంస్కృత ‘శ్వన్’ కూడా ఆ కుటుంబానికి చెందినదే. ఇది నమ్మశక్యంగా లేదనిపిస్తే మరో జతను పక్కన పెట్టి చూడాలి: సంస్కృతంలో శతం అన్నదే జర్మన్‌లో హుండర్ట్, ఇంగ్లీషులో హండ్రెడ్. శకారం ఉన్నచోట అక్కడ హకారం రావడం ఒక మాటతో ఆగక క్రమంగా కనిపిస్తేనే చుట్టరికాన్ని ఒప్పుకోవాలి.

ఊరి పేరో దేశం పేరో ఉన్న జాతుల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. డేన్ అంటే డెన్మార్క్ వాసి, అయినా గ్రేట్ డేన్‌కు డెన్మార్క్‌తో సంబంధం లేదు. 18వ శతాబ్దపు ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త బుఫాన్ వాడిన ‘గ్రాఁ దానువా’ ఇంగ్లీషులోకి మారి అలా నిలిచిపోయింది. జర్మన్లు దాన్ని ‘డాయిచె డోగె’ అంటారు, అందులోని డోగె ఇంగ్లీషు ‘డాగ్’ నుంచే అరువు వెళ్లింది. పెద్దలు ఇప్పటికీ అల్సేషియన్ అనే కుక్క జర్మన్ షెపర్డే. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత జర్మనీ పేరు ఎత్తడానికి ఇష్టపడని బ్రిటిష్ కెన్నెల్ క్లబ్ ఫ్రాన్స్, జర్మనీల సరిహద్దులోని అల్సాస్ ప్రాంతం పేరు తగిలించి, 1977లో గాని పాత పేరును తిరిగి అంగీకరించలేదు. కాబట్టి పేరు ఏ సంవత్సరంలో, ఎవరి నిర్ణయంతో మారిందో కూడా రాసుకోవాలి.

మనకు దగ్గరి పేర్లకు పుస్తకాలతో పాటు మనుషులూ కావాలి. ముధోల్ హౌండ్ కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ముధోల్ పట్టణం పేరు మోస్తుంది. దానికే ఉన్న మరో పేరు కారవాన్ హౌండ్. కారవాన్ పారశీకంలో బిడారు, హైదరాబాదులోని కార్వాన్ పేటలో ఉన్నదీ ఆ మాటే. పారశీక మూలం ఉన్నదని అనుమానం వస్తే కర్నూలులో ఉర్దూ చదివినవారిని, కన్నడమని అనిపిస్తే రాయదుర్గం వైపు రెండు భాషలూ మాట్లాడేవారిని అడగవచ్చు. జాగిలం వంటి తెలుగు మాటకు ఆంధ్రభారతి వెబ్‌సైటులో అనేక నిఘంటువులను ఒకేసారి చూడవచ్చు. 1852 నాటి బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును తప్పక చూడాలి, కడపలో ఉన్నవారికి ఆయన పేరిట వెలసిన భాషా పరిశోధన కేంద్రం గ్రంథాలయం అందుబాటులోనే ఉంది.

‘పరియా డాగ్’ అనే మాట ఎదురైనప్పుడు అర్థం రాసి ఊరుకోకూడదు. తమిళంలో ‘పఱై’ అంటే డప్పు. ఆ డప్పుతో ముడిపడిన పఱైయర్ కులం పేరును ఐరోపావారు తమ భాషల్లోకి తీసుకొని, వెలివేయబడినవాడు అనే అర్థానికి సాగదీసి, చివరికి వీధుల్లో తిరిగే కుక్కకు తగిలించారు. ఈ చరిత్రను మూలంతో సహా నమోదు చేయాలి గాని, మన రాతలో ఆ పేరు వాడవలసిన పని లేదని నా అభిప్రాయం, ఊరకుక్క అన్నా దేశవాళీ కుక్క అన్నా సరిపోతుంది.

నిఘంటువులకు ఎక్కని వాడుక పేర్లను కూడా ఏ ఊళ్లో, ఏ కాలంలో విన్నదీ చేర్చి రాసుకోవాలి. పగ్ జాతిని మన ఊళ్లలో ఒక మొబైల్ కంపెనీ ప్రకటన పుణ్యమా అని ‘హచ్ కుక్క’ అన్నారు. ఇది వట్టి వీధి మాట అని కొట్టివేసే ముందు ఫ్రెంచివారి పేరును చూడాలి: నల్లని ముఖం గల ఆ కుక్కను వారు ‘కార్లాఁ’ అంటారు, 18వ శతాబ్దంలో నల్లని ముసుగు వేసుకొని హార్లెక్విన్ అనే ఇటాలియన్ హాస్య నాటకాల విదూషకుడి పాత్ర ఆడిన కార్లో బెర్తినాజీ రంగస్థల నామమే అది.