పోర్టార్లింగ్టన్ ఎంపీల పట్టిక వేసుకోవడం ఎలా

ఎకనామిక్స్ చదివినవాళ్లకు ఇంగ్లండ్ ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో తెలుసు. 1819 నుంచి 1823లో చనిపోయేదాకా ఆయన ఐర్లండ్‌లోని పోర్టార్లింగ్టన్‌కు ఎంపీ. ఊరి మొహం చూసిందే లేదు, సీటు డబ్బిచ్చి సంపాదించిందే! ఓటర్లు ఓ డజను మంది.

ద్వారకానగర్ లైబ్రరీలో కూర్చుని ఆ సీటు పట్టిక వేశాను. నోట్‌బుక్ అడ్డంగా తిప్పి, ముందు 1801 దగ్గర, అంటే ఐర్లండ్ బ్రిటన్‌లో కలిసిన ఏడాది దగ్గర, ఎర్రగీత కొట్టండి. అంతకుముందు డబ్లిన్ పార్లమెంటు, ఇద్దరేసి సభ్యులు. తర్వాత లండన్, ఒక్కరే. ఈ గీత మర్చిపోయి నేను రెండు పేజీలు చింపాను.

పేరు పక్కన తేదీలతో పాటు సీటెందుకు ఖాళీ అయిందో రాయండి: మరణమా, రాజీనామానా, సభ రద్దా? సాధారణ ఎన్నికల ఏళ్లే చూస్తే, ఉప ఎన్నికలో వచ్చిన రికార్డో ఎక్కడినుంచి ఊడిపడ్డాడో అర్థం కాదు. 1885లో సీటే రద్దయింది. అక్కడ రెండో ఎర్రగీత.