వేడికి ముడుచుకునే పాలిమర్లు – 5వ పాఠం: సర్ఫాక్టెంట్ చేరితే

పోయిన పాఠం ఫలితాలు చూసి తల పట్టుకున్నాను. కొంత తప్పు నాదే. పాలీ ఎన్-ఐసోప్రొపైల్ అక్రిలమైడ్‌ను ‘నీళ్లలో కరిగించండి’ అని రాసి ఊరుకున్నాను. ఈ పాలిమర్ (పొడవాటి గొలుసు అణువు) 32 డిగ్రీల దగ్గర నీటిని వదిలేసి ముడుచుకుంటుంది. మే నెలలో మన గదుల్లో అంతకంటే ఎక్కువే ఉంటుంది. కరగలేదని పారబోసినవాళ్లు ఈసారి ఫ్రిజ్‌లోని నీళ్లు పోసి, రాత్రంతా ఆ ఫ్రిజ్‌లోనే ఉంచండి.

సర్ఫాక్టెంట్ అంటే ఒక కొస నీటితో కలిసి, తోక నీటికి దూరంగా జరిగే సబ్బులాంటి అణువు. దానికోసం కొందరు బట్టల సబ్బు పొడి కలిపి, మబ్బు పట్టే ఉష్ణోగ్రత (ద్రావణం తెల్లగా మసకబారే డిగ్రీ) పెరగాల్సింది తగ్గిందని రాశారు. తగ్గక ఏం చేస్తుంది? ఆ పొడిలో చాకలిసోడా, సోడియం సల్ఫేట్ కూడా ఉంటాయి. కార్బొనేట్, సల్ఫేట్ అయాన్లుంటే పాలిమర్ ముందే ముడుచుకుంటుంది. మనకు కావలసింది శుద్ధమైన సోడియం డోడెసైల్ సల్ఫేట్, అంటే ఎస్‌డీఎస్. పేర్లో సల్ఫేట్ ఉన్నంత మాత్రాన ఇదీ సోడియం సల్ఫేటూ ఒకటి కావు.

ఇక నాకు ఒళ్లు మండే మాట: ‘మైసెల్‌లు ఏర్పడ్డాకే సర్ఫాక్టెంట్ పని మొదలవుతుంది.’ మైసెల్ అంటే సర్ఫాక్టెంట్ అణువులు తోకలు లోపలికి పెట్టి కట్టే గుంపు. ఉత్త నీటిలో ఎస్‌డీఎస్ మైసెల్‌లు కట్టేది 8 మిల్లీమోలార్ల (గాఢత కొలత: లీటరుకు మోల్‌లో వెయ్యో వంతు ఒక మిల్లీమోలార్) దగ్గర. అందుకని అందరూ 8తోనే మొదలుపెడతారు. కానీ పాలిమర్ గొలుసు పక్కన ఉంటే 1 మిల్లీమోలార్ దరిదాపుల్లోనే గుంపులు కడతాయి. ఎస్‌డీఎస్ తోకకు నీళ్లు గిట్టవు. గొలుసు మీది ఐసోప్రొపైల్ భాగాలకూ గిట్టవు. తోకలు అక్కడ తలదాచుకుంటాయి. దారానికి పూలు గుచ్చినట్టు గొలుసు పొడవునా చిన్న చిన్న గుత్తులు చేరతాయి. ప్రతి గుత్తి పైనా రుణావేశమే కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. వేడి చేసినా గొలుసులు దగ్గరికి రాలేవు, మబ్బు ఆలస్యమవుతుంది, కొన్ని మిల్లీమోలార్లు దాటాక అసలు కనబడకపోవచ్చు. 8 దగ్గర మొదలుపెట్టి ‘ఏమీ జరగలేదు’ అనడం, శుభం కార్డు పడ్డాక హాల్లోకి వెళ్లి కథే లేదనడం లాంటిది.

విద్యుదావేశం లేని సర్ఫాక్టెంట్లతో ఇంత మార్పు రాదు. ఎందుకో పై పేరాలోనే ఉంది.

అభ్యాసం. 0.288 గ్రాముల ఎస్‌డీఎస్‌తో 100 మిల్లీలీటర్ల ద్రావణం చేస్తే 10 మిల్లీమోలార్లు. దాన్నుంచి 0, 0.5, 1, 2, 4 మిల్లీమోలార్ల నమూనాలు చేయండి. అన్నిటిలోనూ పాలిమర్ లీటరుకు 1 గ్రాము. నీళ్ల గిన్నెలో ఉంచి నిమిషానికి ఒక డిగ్రీ కంటే నెమ్మదిగా వేడి చేయండి. పరీక్షనాళిక వెనక వార్తాపత్రిక ముక్క పెట్టి, అక్షరాలు మాయమైన డిగ్రీ రాసుకోండి. యంత్రాలున్నా నాకు ఈ పద్ధతే ఇష్టం. చల్లారేటప్పుడు అక్షరాలు తిరిగి కనబడిన డిగ్రీ కూడా రాయండి. తర్వాత 100 మిల్లీమోలార్ల ఉప్పు కలిపి మొత్తం మళ్లీ చేయండి. ఫలితం ఎటు జరుగుతుందో ముందే ఊహించి రాసి పెట్టుకోండి.

ఉప్పు అంటే సోడియం క్లోరైడే. పొటాషియం క్లోరైడ్ వేస్తే చల్లగా ఉండగానే తెల్లటి పొడి విడిపోతుంది. అది పొటాషియం డోడెసైల్ సల్ఫేట్. దాన్ని తెచ్చి పాలిమర్ ఖాతాలో రాయకండి.