వానలకు ముందు ఎయిర్ రైఫిల్ స్కోప్: గురి తప్పితే చూడవలసినవి

విశాఖపట్నంలో జూన్ వానలు మొదలయ్యాక ఎయిర్ రైఫిల్ గురి మారడం చాలామందికి ఎదురయ్యే ఇబ్బందే. నిన్నటిదాకా పది మీటర్ల దూరంలో చుక్క మీద పడిన పెల్లెట్ ఇవాళ అంగుళం పక్కకు పోతే స్కోప్ (గురి చూసే దుర్భిణి) పాడైందని తేల్చేసి టరెట్లు (గురిని సర్దేందుకు దాని మీద ఉండే మరలు) తిప్పడం మొదలుపెడతారు; దాంతో అసలు లోపాన్ని పట్టిచ్చే ఆధారమే చెదిరిపోతుంది. కారణం తేలేవరకు టరెట్లను ముట్టుకోకూడదన్నది ఈ కాలానికి మొదటి జాగ్రత్త. మనకు తడి కాలం సెప్టెంబరుతో ముగియదు కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానును చూసిన ఊరికి ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

రైఫిల్ ఖాళీగా ఉందని, స్ప్రింగు ఎక్కుపెట్టి లేదని నిర్ధారించుకున్నాకే స్క్రూల మీద చేయి వేయాలి. స్ప్రింగు రైఫిల్‌లో పిస్టన్ ముందుకు దూకేటప్పుడు తుపాకీ వెనక్కి తన్నుతుంది. పిస్టన్ నొక్కుకుపోయిన గాలిని తాకి ఆగే క్షణంలో మళ్ళీ ముందుకు కుదుపుతుంది. ఈ రెండువైపుల కుదుపును తట్టుకునేలా తయారు కాని స్కోపులు ఖరీదైనవైనా దీని మీద చెడిపోతాయి. స్కోప్‌ను రైఫిల్‌కు బిగించే మౌంటు కూడా తుపాకీ మీది 11 మిల్లీమీటర్ల పట్టాల మీద కొద్దికొద్దిగా వెనక్కి జారుతుంది. మౌంటు వెనుక అంచు దగ్గర పట్టా మీద సన్నటి గీత గీసి ఉంచితే, ఆ గీతకూ అంచుకూ మధ్య సందు మారినప్పుడు జారిన సంగతి వెంటనే తెలుస్తుంది. ఉప్పుగాలి ముందుగా పట్టుకునేది ఈ చిన్న స్క్రూలనే: తల గుంటలో గోధుమరంగు పొడి కనిపిస్తే అది తుప్పే, అలాగే వదిలేస్తే అలెన్ కీ పట్టు దొరక్క గుంట అరిగిపోతుంది. అటువంటి స్క్రూలను వానలకు ముందే మార్చి, ఎదురెదురు స్క్రూలను కొంచెం కొంచెంగా బిగించాలి. అతిగా బిగిస్తే రింగు స్కోప్ గొట్టాన్ని నొక్కేస్తుంది. తేమకు చెక్క ఉబ్బి, ఆరినప్పుడు కుంచించుకుపోతుంది కనుక చెక్క బట్‌ను (భుజానికి ఆనించే భాగాన్ని) పట్టి ఉంచే స్క్రూలను కూడా మరవకూడదు.

ఇక నూనె సంగతి. తుప్పు భయంతో బ్యారెల్‌లోకి నూనె పోయడం వానాకాలంలో జరిగే తప్పులన్నిటిలోకీ హానికరమైనదని నా అభిప్రాయం. లోపలికి చేరిన నూనె, పిస్టన్ నొక్కినప్పుడు వేడెక్కే గాలికి డీజిల్ ఇంజన్‌లో మాదిరిగా అంటుకుంటుంది. శబ్దం గట్టిగా మారుతుంది, బ్యారెల్ కొస నుంచి పొగ, కాలిన వాసన వస్తాయి, పెల్లెట్లు ఒక్కొక్కటి ఒక్కో ఎత్తున పడతాయి. ఆ అదనపు కుదుపు స్ప్రింగునూ సీలునూ స్కోపునూ కలిపి దెబ్బతీస్తుంది. నూనె పలుచగా, గుడ్డతో, బయటి ఇనుముకే రాయాలి. బ్యారెల్ లోపల తడి అనిపిస్తే పొడి గుడ్డముక్కలతో తుడిచిన తర్వాతే కాల్చాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా గురి కుదరకపోతే స్కోప్‌ను అనుమానించవచ్చు. రైఫిల్ మీద ఇనుప సైట్లు (దుర్భిణి లేకుండా గురి చూసే గుర్తులు) ఉంటే స్కోప్ తీసేసి వాటితో, లేకుంటే బాగా పనిచేస్తుందని తెలిసిన మరో స్కోప్‌తో, అవే పెల్లెట్లతో కాల్చి చూడడమే నమ్మదగిన పరీక్ష: గ్రూపు (ఒకే గురితో కాల్చిన పెల్లెట్ల రంధ్రాల గుంపు) అప్పుడూ చెదిరితే లోపం రైఫిల్‌ది. తుపాకీని కదలకుండా ఆనించి, కన్ను అటూ ఇటూ జరిపినప్పుడు క్రాస్‌హెయిర్ (స్కోప్‌లో కనిపించే అడ్డు, నిలువు గీతలు) లక్ష్యం మీద జరిగితే అది పారలాక్స్. వంద గజాలకు అమర్చిన స్కోప్ పది మీటర్లకు పనికిరాకపోవడానికి ఇదొక కారణం. తరువాత టరెట్లు. పావు ఎంఓఏ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) క్లిక్కు పది మీటర్ల దగ్గర సుమారు 0.7 మిల్లీమీటరు జరుపుతుంది, అంటే 40 క్లిక్కులకు 29 మిల్లీమీటర్ల దాకా. కుడికి, పైకి, ఎడమకు, కిందికి నలభై చొప్పున తిప్పుతూ ప్రతి మూలా కాల్చి, చివరి గ్రూపు మొదటి చోటికే చేరుతుందో లేదో చూడాలి. ఎలివేషన్ (గురిని పైకీ కిందికీ జరిపే టరెట్) చివరిదాకా తిప్పితే లోపలి స్ప్రింగు బిగి తగ్గి గురి తనంతట తానే తిరుగుతుంది. బ్యారెల్ వంచి లోడ్ చేసే రైఫిళ్ళలో బ్యారెల్ కొంచెం కిందికి వాలి ఉండడం వల్ల ఇది తరచుగా జరుగుతుంది. దానికి మందు సర్దుబాటు మౌంటు, స్కోప్ మార్చడం కాదు.

ఏసీ గదిలోంచి నేరుగా తేమగాలిలోకి తెచ్చినప్పుడు అద్దాల పైన పట్టే మంచును తుడవకుండా ఆగితే అదే పోతుంది. మంచు లోపలివైపు కనిపిస్తే మాత్రం సీలు పోయి, లోపలి నైట్రోజన్ బయటికి వెళ్ళిపోయిందని అర్థం. స్పాంజి ఉన్న పెట్టె తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి సిలికా జెల్ సంచులు వేసి, వాటిని అప్పుడప్పుడు మార్చాలి. అద్దం మీది ఉప్పు దుమ్మును ముందు ఊది దులపాలి. పొడి గుడ్డతో రుద్దితే కోటింగ్ గీతలు పడుతుంది.

పరీక్షలకు మేడ మీద జాగా చాలదు. వెనుక గట్టి అడ్డు ఉన్న రేంజిలోనే చేయాలి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 0.177 అంగుళాల బోరు (గొట్టం లోపలి వ్యాసం) గానీ, 20 జూళ్ళ శక్తి గానీ దాటిన ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు కావాలి. సీలు పోయిన స్కోప్‌ను ఇంట్లో విప్పకూడదు, అందులో మళ్ళీ వాయువు నింపే సాధనాలు మన దగ్గర ఉండవు. వారంటీ ఉంటే, పై పరీక్షల్లో కాల్చిన కాగితాలను దాచి, వాటితో కలిపి కంపెనీకి పంపాలి.