చేర్యాల పటంలో బతుకమ్మ నాటి పల్లెను ఎలా చూడాలి

ముందు ఆరేడు అడుగుల దూరంలో నిలబడండి. వెనకంతా ఎరుపే కనిపిస్తుంది. అది సాయంత్రపు ఆకాశం కాదు, 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉండి ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల నకాషీల, అంటే ఖాదీ గుడ్డ మీద ఈ పటాలు గీసే చిత్రకారుల ఆనవాయితీ. లైటు పక్కనుంచి పడాలి. పటానికి అద్దం బిగించి ఉంటే, ఎదురుగా పడిన లైటుకు అది మెరిసి గీత కనపడదు.

ఈ బొమ్మల్లో దూరం, దగ్గర లెక్క లేదు. చెరువు అవతలి మనిషి చిన్నగా ఉండాలనేమీ లేదు. కథలో ముఖ్యమైనవాళ్లే పెద్దగా ఉంటారు. ఫొటోలా చూస్తే తప్పు గీశారనిపిస్తుంది.

ఇప్పుడు జానెడు దగ్గరికి రండి. పసుపు చుక్కలు తంగేడు, తెల్లని కంకులు గునుగు. రంగులు నింపాక చివర్న వేసే నల్లగీతలోనే చేతి పనితనమంతా ఉంటుంది: కంటి కొసన, వేలి చివర సన్నబడాలి, కుచ్చిళ్ల మీద ఆగకుండా జారాలి. ఎక్కడ చూసినా ఒకే మందంగా ఉంటే అచ్చు వేసిందేమోనని అనుమానించండి; వీలైతే వెనక్కి తిప్పి ఖాదీ నేత చూడండి.

గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పూస్తారు. అందుకే మడత పెడితే పూత పగులుతుంది, తడిగుడ్డతో తుడిస్తే రంగు లేస్తుంది. అద్దం బిగించని పటాన్ని మడవకుండా చుట్టగా చుట్టి ఉంచండి.