నీరు నిలిచే నేలను సాగుకు తెచ్చుకోవడం ఎలా

వాన వెలిసి రెండు రోజులైనా కాలు పెడితే దిగబడే నేలలో మొక్క చచ్చేది ఊపిరాడక. మట్టి రేణువుల మధ్య గాలి ఉండాల్సిన ఖాళీల్లో నీరు నిండితే ఆక్సిజన్ కదలిక దాదాపు 10,000 రెట్లు మందగిస్తుంది. ముందు వేరు చివర్లు చస్తాయి, ఆ తర్వాత కుళ్ళు తెగులు చేరుతుంది. నత్రజని కూడా వాయువై ఎగిరిపోతుంది కాబట్టి ఆకులు పసుపు తిరుగుతాయి. అది చూసి యూరియా చల్లితే అదీ అదే దారిన పోతుంది.

ఇలాంటి చోట చాలామంది ముందుగా ఇసుకో ఎరువో తెచ్చి పోయిస్తారు. నీరు బయటికి పోయే దారి లేనప్పుడు ఆ ఎరువు కూడా అదే నీళ్ళలో నానుతుంది. కాబట్టి నీరు ఎక్కడి నుంచి వస్తోంది, ఎందుకు ఆగుతోంది అనేది ముందు తేల్చుకోవాలి. దానికి ఒక గొయ్యి చాలు.

వాన పడని రోజు చూసి 30 సెం.మీ. వెడల్పు, 60 సెం.మీ. లోతు గొయ్యి తవ్వండి. బంకమట్టిని పార కోసినప్పుడు గోడలు నున్నగా మెరుస్తాయి. ఆ మెరుపు నీటిని ఇంకనివ్వదు, పరీక్ష తప్పు చెబుతుంది. అందుకే కొడవలి మొనతో గోడలంతా గీరి, గొయ్యిపై రేకు కప్పి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి అడుగు నుంచి నీరు ఊరితే భూగర్భ జలమట్టం పైనే ఉందని అర్థం. ఒక పక్క గోడలోంచే, ఒక ఎత్తులోనే ఊట కారుతుంటే మెరక నుంచి దిగిన నీరు గట్టి పొర మీదుగా జారి వస్తోంది. గొయ్యి పొడిగా ఉండి పైన మాత్రం నీరు నిలుస్తుంటే గట్టి పొర పైపైనే ఉన్నట్టు. ఇనుప చువ్వ గుచ్చి చూడండి: 15-25 సెం.మీ. దగ్గర ఆగి, బలంగా నొక్కాక మళ్ళీ సులువుగా దిగితే అది దున్ని దున్ని ఏర్పడిన పొర.

గోడ రంగు కూడా చదవాలి. బూడిద రంగు లేదా నీలి బూడిద మట్టిలో తుప్పు రంగు మచ్చలు ఎక్కడ మొదలవుతాయో, ఏటా అంత ఎత్తు వరకు నీరు చాలాకాలం నిలుస్తోందని తెలుస్తుంది. వేసవిలో నేల పొడిగా కనిపించినా ఈ గుర్తు చెరగదు. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే అక్కడ గాలి బొత్తిగా ఆడడం లేదు.

గొయ్యిలో ఊట లేకపోతే నిండా నీళ్ళు పోసి ఇంకనివ్వండి. మళ్ళీ నింపి, గంటకు ఎంత దిగిందో కర్రతో కొలవండి. రెండోసారి నింపినప్పటి లెక్కే నమ్మాలి, ఎందుకంటే మొదటిసారి పొడి మట్టి పీల్చేస్తుంది. గంటకు 2.5 సెం.మీ. పైన దిగితే ఎక్కువ మొక్కలకు సరిపోతుంది. అంతకంటే తక్కువైతే నేలను బాగుచేయాలి. 1 సెం.మీ. కూడా దిగకపోతే కాలువలు, ఎత్తు మడులు తప్పవు.

మెరక నుంచి వచ్చే నీటికి మందు సులువు. మడికి పైవైపున, వాలుకు అడ్డంగా 45 సెం.మీ. లోతు కాలువ తీసి నీటిని పక్కకు మళ్ళించండి. కాలువ అడుగు ఆ గట్టి పొరను తాకాలి, లేకపోతే నీరు కింద నుంచి దాటిపోతుంది. ఒక్కోసారి ఈ ఒక్క పనితోనే సమస్య సగానికి పైగా తీరిపోతుంది. దున్నుడు పొరైతే గునపంతోనో లోతు దుక్కి నాగలితోనో పొర కంటే 5-10 సెం.మీ. కిందికి పగలగొట్టాలి. నేల ఎండి ఉన్నప్పుడే చేయాలి. తడిలో చేస్తే పొర పగలదు, చీలిక పడి మళ్ళీ మూసుకుంటుంది.

మిగిలిన సందర్భాల్లో భూమిలో పైపు కాలువ వేయాలి. ముందు దిగువన నీరు వదిలే చోటు ఖాయం చేసుకోండి. పక్కవాళ్ళ స్థలంలోకి వదలకూడదు. జలమట్టం పైన ఉన్నచోట ఇంకుడు గుంత వేసినా లాభం లేదు, అది ముందే నిండి ఉంటుంది. దిగువ నుంచి మొదలుపెట్టి పైకి తవ్వుకుంటూ పోతే మధ్యలో వాన వచ్చినా నీరు బయటికి పోతుంది. కందకం 30 సెం.మీ. వెడల్పు, 60 సెం.మీ. లోతు ఉండాలి. వాలు మీటరుకు 1 సెం.మీ., అంటే 10 మీటర్లకు 10 సెం.మీ. కంటితో చూసి వాలు పెట్టొద్దు. నీళ్ళు నింపిన పారదర్శక ట్యూబుతో మట్టం కట్టుకోండి. మధ్యలో ఒక్కచోట పల్లం వచ్చినా అక్కడ ఒండ్రు పేరుకుని పైపు మూసుకుపోతుంది.

కందకంలో జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపే వడపోత గుడ్డ) పరిచి, 5 సెం.మీ. మందాన 20-40 మి.మీ. కంకర పోసి, 100 మి.మీ. చిల్లుల పైపు పెట్టండి. చిల్లులు కింది వైపుకు రావాలి. వింతగా అనిపిస్తుంది గానీ నీరు కింద నుంచే పెరుగుతూ పైపులోకి చేరుతుంది. చిల్లులు పైకి పెడితే పైపు మునిగేంత నీరు నిండేదాకా కాలువ పనిచేయదు. పైన ఇంకా 30 సెం.మీ. కంకర పోసి, గుడ్డ మడిచి, మిగతాది మట్టితో పూడ్చండి. గుడ్డ లేకపోతే సన్నమట్టి కంకరలోకి దిగి, కొన్నేళ్ళలో కాలువ మూగబోతుంది.

ఇక ఎత్తు మడులు. మడి వెడల్పు 1.2 మీటర్లు, దారి 45 సెం.మీ. పెట్టుకోండి. దారిలో 25 సెం.మీ. లోతు మట్టి తీసి మడిపై పోస్తే మడి సుమారు 9 సెం.మీ. లేస్తుంది. దానిపై 5 సెం.మీ. మాగిన ఎరువు వేసి 20 సెం.మీ. లోతు కలిపితే, దారి అడుగు నుంచి మడి ఎత్తు దాదాపు 40 సెం.మీ. అవుతుంది. కుంగాక 30-35 మిగులుతుంది. 10 మీటర్ల మడికి 600 లీటర్ల ఎరువు కావాలి. దారులు కూడా కాలువ వైపే వాలాలి. మడి అడుగున మాత్రం కంకర పరచొద్దు. సన్నమట్టిలోని నీరు దాదాపు పూర్తిగా నిండితేగానీ పెద్ద ఖాళీల్లోకి జారదు కాబట్టి తడి వేళ్ళకు ఇంకా దగ్గరవుతుంది.

దున్నుడు పొర పగలగొట్టడం తప్ప మిగతా పనులన్నీ నేల పదునుగా ఉన్నప్పుడే చేయాలి. పారలోతు నుంచి పిడికెడు మట్టి తీసి ఉండ చేసి, నడుము ఎత్తు నుంచి వదలండి. పొడిపొడిగా విరిగితే తవ్వొచ్చు. అప్పచ్చిలా అతుక్కుంటే ఆగాలి. తడి బంకమట్టిని ఒకసారి తొక్కితే గడ్డలు కట్టి, మళ్ళీ గుల్లబారడానికి ఏళ్ళు పడుతుంది.

బంకమట్టిలో కాస్త ఇసుక కలిపితే గుల్లబారదు, ఎండాక ఇటుకలా బిగుసుకుంటుంది. మొత్తం మట్టిలో సగానికి పైగా ఇసుక అయితేనే గుణం మారుతుంది, అంత కలపడం పెరట్లో అయ్యే పని కాదు. జిప్సం సోడియం ఎక్కువైన చౌడు నేలకు మాత్రమే మందు, అదీ భూసార పరీక్ష చేయించి చెప్పిన మోతాదులోనే.

మొదటి పంటకాలంలో కూరగాయలకు తొందరపడకుండా పచ్చిరొట్ట ఎరువుకు వేసే జీలుగ చల్లడం మంచిది. తడిని ఓర్చుకుంటుంది, వేళ్ళు లోతుకు దిగి దారులు చేస్తాయి. 45-50 రోజులకు, పూత దశలో కలియదున్నండి. ఆ తర్వాత టమాటా, మిరప మడులపైనే వేయండి. చేమ, తూటికూర పల్లంలోనూ బతుకుతాయి. బొప్పాయి వేళ్ళు రెండు రోజుల నీటికే చచ్చిపోవచ్చు. దాన్నీ, ఇతర పండ్ల చెట్లనూ గుంటలో కాకుండా 45-60 సెం.మీ. ఎత్తు, 2 మీటర్ల వెడల్పు దిబ్బపై నాటాలి. బంకనేలలో గుంట తవ్వి మంచి మట్టి నింపితే చుట్టుపక్కల నీరంతా ఆ గుంటలోకే చేరుతుంది.

వానాకాలానికి ముందు పైపు మూతి దగ్గర చేరిన ఒండ్రు, గడ్డి తీసేసి, పైచివర నాలుగు బిందెలు నీళ్ళు పోసి చూడండి. దిగువన సన్నని ధారగా కూడా రాకపోతే పైపులోకి గొట్టం దూర్చి నీటి ఒత్తిడితో కడగాలి. ఎలుకలు దూరకుండా మూతికి జల్లెడ బిగించండి.