ఆడబిడ్డ వాటా – 4వ పాఠం: ‘ఇంటావంటా లేదు’ అంటే ఏం అడగాలి?

పోయిన పాఠంలో పాత పహాణీలో (ఊరి భూమి రికార్డులో) తాత పేరు, సర్వే నంబరు వెతికాం. ఈసారి పని కాగితంతో కాదు, మాటతో. ఎదుటివాళ్ళు అనేది చట్టమా, మతమా, ఊరి అలవాటా, విడదీసి వినాలి.

మా మేనత్త సంగతి చెప్తా. దేవరకొండ దిక్కు పల్లె. తాత ఏడాది దాటినాక ఆమెకు ఒడిబియ్యం పోసిన్రు. కొంగుల బియ్యం, కుడుకలు, పసుపుకొమ్ములు. మూట కట్టకముందే విరాసత్ కాగితం (పోయినాయన భూమిని వారసుల పేరు మీదికి మార్చేది), ఇంకు ప్యాడు వచ్చినయి. పెదనాన్న అన్నడు: “చెల్లె, ఆడబిడ్డకు భూమి మన ఇంటావంటా లేదు. నిషాని పెట్టు, ఎప్పటిలెక్కనే పండుగకు తోల్కొస్తం.”

మొదటి ముక్క అలవాటు, అంతే. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా తండ్రి పోతే ఆయన స్వార్జితం తల్లికి, భార్యకు, కొడుకులకు, బిడ్డలకు సమానం. పిత్రార్జితంలో పెళ్ళికాని బిడ్డలకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే హక్కుంది; 2005 సెప్టెంబరు 9 నుంచి పెళ్ళయినవాళ్ళకూ వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే పక్కాగా జరిగిన పంపకాలను మాత్రం తిరగదోడలేం. “కట్నం ఇచ్చినం గదా” అంటారా? కట్నంతో వాటా చెల్లిపోయిందని ఏ చట్టంలోనూ లేదు.

మతమంటారా? ఖురాన్ బిడ్డకు కొడుకు వాటాలో సగం రాసిపెట్టింది. ఆ సగం కూడా అడగనివ్వని ఇళ్ళున్నాయి. అక్కడ అడ్డం గ్రంథం కాదు, అన్నదమ్ములు.

అసలు మెలిక రెండో ముక్కలో ఉంది. ‘పండుగకు తోల్కొస్తం’ అంటే, నిషాని పెట్టకపోతే తోల్కరామని. దీనికి సెక్షను లేదు. పుట్టింటి బతుకమ్మ పోతదని అత్త వేలు ముంచింది. ఆమెను తప్పుపట్టలేను. అట్లని బతుకమ్మను వదులుకొమ్మని కూడా చెప్పను. తెలంగాణ సాయుధ పోరాటం నాడు అందులో పోరాడిన మల్లు స్వరాజ్యం బతుకమ్మ ఉయ్యాల పాటల బాణీలోనే దొరల మీద పాడారు. పండుగ అన్నల సొత్తేం కాదు.

అందుకే జవాబు రెండు ముక్కలుగా ఇయ్యండి: “పండుగకొస్త అన్నా. కాగితం ఇయ్యి, చదివించుకొని చెప్త.” అదే రోజు వేలు ముంచొద్దు. గొంతు పెంచొద్దు.

ఈ వారం పని: మీ ఇంట్లో వాటా గురించి విన్న ఒక్క మాట, అన్నది అన్నట్టే రాయండి. ఎవరన్నరు, అప్పుడు మీ ఒళ్ళో ఏముంది, అది కూడా.